రెండు వాకిళ్ళ వకీలు

అందరూ సర్దుకుని కూర్చున్నారా? ముందున్న పిల్లలు కాస్త పక్కకి జరగండర్రా, వెనకున్న అమ్మలకి కూడా కనపడాలి. ఆ వరాహ నరసింహస్వామికి మనసులో ఒక దణ్ణం పెట్టుకుందాం. ఒకప్పుడు పందిరూపం ఎత్తి భూమిని మోసినవాడు కదా, నేలలో బొరియలు తవ్వుకుని బతికే జీవుల కష్టం ఆయనకి మనం చెప్పక్కర్లేదు. ఇవాళ్టి కథ అలాంటి జీవులదే.

జీడితోటలు దాటి అడవిలోకి అడుగుపెట్టగానే ఒక ఎర్రమట్టి గుట్ట ఉంటుంది. ఆ గుట్ట కింద ముళ్ళపందుల బొరియ. బొరియంటే ఎలకబొక్క అనుకునేరు! తూర్పున ముందు వాకిలి, పడమర వెనక వాకిలి, మధ్యలో పొడుగాటి సావిడి, దాని పక్కన వెచ్చటి గది. ఎంత వాన కొట్టినా లోపల చుక్క దిగదు. నూకాలు, పైడిరాజు అనే ఆలుమగలు పెళ్ళయిన కొత్తలో గోళ్ళు అరిగేలా తవ్వుకున్న ఇల్లది. వాళ్ళకి చిట్టి అని ఒక కూతురు. దాని వీపు మీద ముళ్ళు అప్పుడప్పుడే గట్టిపడుతున్నాయి.

ఇల్లు బాగుంది గానీ ఇంట్లో మాట బాగాలేదు. నూకాలు నాలుగు మాటలు మాట్లాడితే పైడిరాజు తోక ముళ్ళు గలగలలాడిస్తాడు. అంతే సమాధానం. దుంపలు తెస్తాడు, పిల్లని ఆడిస్తాడు, పొరుగువాళ్ళు వస్తే పకపకా నవ్వుతాడు. పెళ్ళాం నోరు విప్పిందంటే మాత్రం గలగల! నూకాలు కూడా తక్కువ తినలేదు. ఆ గలగల వినపడితే చాలు, దెప్పిన మాటే మళ్ళీ దెప్పుతుంది. ముళ్ళపందుల్లో ఒక పద్ధతుంది. కోపం వస్తే వీపు తిప్పేస్తారు. మొహాన మొహం పెట్టి పోట్లాడుకోవడం వాళ్ళ కులంలో లేదు. అలా ఒకనాడు ఈవిడ తూర్పుకి తిరిగింది, ఆయన పడమరకి తిరిగాడు. ఇక ఆ తిరగడం తిరగడమే. ఈవిడ రాకపోకలన్నీ ముందు వాకిలి నుంచి, ఆయనవి వెనక వాకిలి నుంచి. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి మొహం ఒకరు చూసి ఎన్నాళ్ళయిందో ఇద్దరికీ గుర్తులేదు.

ఒక సాయంత్రం నూకాలు మనసులోనే అనుకుంది, "ఇక నా వల్ల కాదు. విడిపోతాను."

అనుకోవడం అయితే అనుకుంది. మరి ఎలా విడిపోవాలి? ఎవర్ని అడగాలి? ముందేం చెయ్యాలి? ఆ తల్లికి ఏమీ తెలియదు. ఆ వేళ పైడిరాజు వాకిట్లో పెట్టి వెళ్ళిన కర్రపెండలం దుంపని నోట కరుచుకుని, జీడితోట గట్టు మీదకొచ్చి కూర్చుంది. అక్కడ చెట్టు మీద కోతి సుందరమ్మ, చెట్టు కింద అడవికోడి రత్తమ్మ ఉన్నారు. ఊళ్ళో ఎవరింట్లో ఏ గిన్నె మాడినా ముందు వాళ్ళకే వాసనొస్తుంది.

"విడాకులా? మంచిపని చేస్తున్నావే నూకాలూ," అంది సుందరమ్మ కొమ్మ మీంచి కిందికి జారుతూ. "ముందు ఇల్లు వదిలేసి పుట్టింటికి పో. రెండ్రోజుల్లో కాళ్ళబేరానికి వస్తాడు."

"కాళ్ళబేరానికి వస్తే విడాకులు ఎలా అవుతాయే పిచ్చిమొహమా?" అని రత్తమ్మ లేచింది. "నూకాలొదినా, నువ్వు ఇల్లు కదలకు. కానీ అతను తెచ్చింది మాత్రం ముట్టకు. తిన్నావంటే రాజీపడ్డట్టే."

నూకాలు గబుక్కున దుంప నమలడం ఆపేసింది.

"తినకపోతే ఇంకా ప్రమాదం!" అంది సుందరమ్మ. "నీకేమీ అక్కర్లేదని రాసిచ్చేసినట్టు. మా మేనత్త కూతురు అలాగే మాడి మాడి, ఆఖరికి ఏమీ దక్కకుండా పోయింది."

"మీ మేనత్త కూతురు మూడు పెళ్ళిళ్ళు చేసుకుంది. దాని మాట ఎందుకిప్పుడు?"

"అందుకే చెబుతున్నా. అనుభవం ఉన్నవాళ్ళం!"

"అయితే ఇప్పుడు మింగనా, ఉమ్మనా?" అని నూకాలు అడగబోయింది. నోట్లో దుంప ఉండటంతో "అమ్మమ్మ, ఉమ్మమ్మ" అని మాత్రమే వినపడింది. వాళ్ళిద్దరూ మేనత్త కూతురి మూడో మొగుడి సంగతి మీద వాదన పెట్టుకున్నారు. ఈవిడ గోడు ఎవరికీ పట్టలేదు. నూకాలుకి కళ్ళంట నీళ్ళు తిరిగాయి. మింగితే కాపురం మిగిలిపోతుందేమో, ఉమ్మితే ఇల్లు పోతుందేమో! తల గిర్రున తిరిగిపోయింది.

"దుంప బుగ్గన పెట్టుకుని ఏడుస్తున్నావేంటి తల్లీ?"

వెనక నుంచి తేనెలాంటి గొంతు. తిరిగి చూస్తే నక్క కంఠీరవం. ఒంటికి బురద అంటకుండా, తోక భుజం మీద కండువాలా వేసుకుని నిలబడ్డాడు. అడవిలో అందరూ ఆయన్ని ప్లీడరు గారంటారు. ఎక్కడ చదివాడో ఎవరికీ తెలియదు. అడిగే ధైర్యం కూడా ఎవరికీ లేదు.

నూకాలు దుంప కిందపెట్టి సంగతంతా చెప్పింది. కంఠీరవం చెవి గోక్కుంటూ, "అయ్యో, అయ్యో" అంటూ విన్నాడు. ఇంతసేపు ఆ తల్లి మాటకి అడ్డు తగలకుండా విన్నవాడు ఆయనొక్కడే. దాంతో సగం నమ్మేసింది.

"నాకు ఫీజు అక్కర్లేదు తల్లీ, పుణ్యం చాలు," అన్నాడు. "చట్టం ప్రకారం చెబుతున్నా, జాగ్రత్తగా విను. ఇంట్లో హాయిగా కూర్చుని నాకు కష్టంగా ఉందంటే న్యాయస్థానం నమ్మదు. ముందు పిల్లని తీసుకుని బయటికి వచ్చెయ్. రెండోది, అతని మొహం చూడకు, మాట్లాడకు. మొహం చూస్తే మనసు కలిసిందంటారు, కేసు పోతుంది. మూడోది, నేను నీ వకీలునని ఎవరితోనూ అనకు."

"ఎందుకండీ?"

"చెబితే అతనూ నాకంటే పెద్ద వకీలుని పెట్టుకుంటాడు."

"మీకంటే పెద్ద వకీలు ఉన్నారా బాబూ?"

"లేరనుకో," అన్నాడు కంఠీరవం వినయంగా. "అయినా జాగ్రత్త మంచిది కదా."

"మరి మా ఇల్లు?"

"ఇల్లెక్కడికి పోతుంది తల్లీ, దానికేమన్నా కాళ్ళున్నాయా?"

నిజమే కదా, ఇంటికి కాళ్ళు లేవు. నూకాలుకి ఇందులో ఏం పట్టుకుని కాదనాలో అర్థం కాలేదు. ఇల్లు కావాలనుకునేవాళ్ళు ఇల్లు ఎందుకు వదలాలి? విడిపోవాలనుకునేవాళ్ళు మాట్లాడుకోకపోతే ఏది ఎవరిదో ఎలా తేలుతుంది? ఈ రెండు ప్రశ్నలూ గొంతుదాకా వచ్చాయి. కానీ ఆయన "చట్టం ప్రకారం" అన్నాడు. ఆ మాట వినగానే మనలో కూడా చాలామందికి నోరు పడిపోతుంది, అవునా కాదా? నూకాలుదీ పడిపోయింది.

మర్నాడు తెల్లవారుతుండగానే చిట్టిని తీసుకుని ముందు వాకిలి నుంచి బయటికి నడిచింది. గుట్టకి అవతలి వైపు ఒక బండ ఉంది. దాని నీడన ఇద్దరూ ముడుచుకుని పడుకున్నారు.

"అమ్మా, మనింట్లో ఉండటానికి మనం ఎవర్ని అడగాలి?" అంది చిట్టి.

"ఏమోనమ్మా. ప్లీడరు గారు చెబుతారు."

"నాన్న ఎక్కడున్నాడు?"

"ఇంట్లోనే ఉంటాడు. హాయిగా."

ఆ "హాయిగా" అన్నమాట నూకాలుకి ముల్లులా గుచ్చుకుంది. సొంత ముల్లు గుచ్చుకుంటే నొప్పి ఎక్కువ.

రోజులు గడుస్తున్నా ప్లీడరు గారు మాత్రం మళ్ళీ రాలేదు. నూకాలే ఆయన బొరియ వెతుక్కుంటూ వెళ్ళింది. వాగు ఒడ్డున ఉన్న ఆ బొరియ సగం కూలిపోయి, బురదనీళ్ళతో నిండి ఉంది. అందులో రెండు కప్పలు సంసారం చేసుకుంటున్నాయి. "ప్లీడరు గారా? ఇల్లు మారారు," అన్నాయి అవి. ఎక్కడికో తెలియదన్నాయి. అంత పెద్దమనిషికి ఇల్లు కూలిపోయిందా పాపం అని నూకాలు జాలిపడింది. చూశారా, మంచివాళ్ళ బుద్ధి ఇలాగే ఉంటుంది.

ఆ సాయంత్రమే తొలకరి వాన మొదలైంది. మొదలవడం మొదలవడమే కుండపోత. బండ కిందికి నీళ్ళు కాలవ కట్టాయి. చిట్టి ఒకటే తుమ్ములు. తల్లి ముళ్ళన్నీ విప్పి పిల్ల మీద గొడుగు పట్టబోయింది గానీ ముళ్ళ సందుల్లో నీళ్ళు ఆగుతాయా! పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. కేసు పోతే పోయిందని చిట్టిని ముందుకి నెట్టుకుంటూ ఇంటికి పరిగెత్తింది.

ముందు వాకిలి దగ్గర లోపల నుంచి గొంతు వినిపించింది.

"ఎవరది? లోపలికి రావద్దు!"

తేనెలాంటి గొంతు. వెచ్చటి చోట ఉంది కాబట్టి ఇంకాస్త తియ్యగా ఉంది.

"ప్లీడరు గారూ! మీరా? మా ఇంట్లో ఏం చేస్తున్నారు?"

"నీ కోసమే తల్లీ ఈ అవస్థ! వాయిదా వేశారు. అప్పటిదాకా ఖాళీ ఇంటిని చట్టప్రకారం ఎవరో ఒకరు సంరక్షించాలి. నేను తప్ప నీకెవరున్నారు?"

"ఖాళీ ఏంటండీ? ఆయన లేడా?"

"అదంతా చట్టం. నీకు అర్థం కాదు."

"పిల్లకి జ్వరంగా ఉంది బాబూ. ఈ ఒక్క పూట..."

"ఒక్క పూట అడుగుపెట్టినా నువ్వు అసలు ఇల్లే వదల్లేదని రాసుకుంటారు. ఇన్నాళ్ళ కష్టం గంగలో కలుస్తుంది. నీ మంచి కోరి చెబుతున్నా, వెళ్ళు."

నూకాలు వెళ్ళింది. అవును, వెళ్ళిపోయింది! నవ్వకండి. తన ఇంటి గుమ్మంలో, తను తవ్విన గుమ్మంలో తడుస్తూ నిలబడి, లోపలున్నవాడు తన మేలు కోసమే తనని బయట ఉంచాడేమో అని నమ్మి వెనక్కి తిరిగింది. బుర్ర అయోమయంలో ఉన్నప్పుడు గట్టిగా మాట్లాడినవాడి మాటే నిజమనిపిస్తుంది.

గుట్ట చుట్టూ తిరిగి జీడిచెట్టు కిందికి చేరబోతే, అక్కడ ముందే ఎవరో ముడుచుకుని ఉన్నారు. చిట్టి "నాన్నా!" అని ఉరికింది. తడిసి ముద్దయిన పైడిరాజు.

నూకాలు టక్కున వీపు తిప్పేసింది. ఆయనా తిప్పేశాడు. వాన కొడుతోంది. ఇద్దరి మధ్యా పిల్ల వణుకుతోంది.

"నువ్వు ఇంట్లో లేవేం?" అంది నూకాలు, వానతో అన్నట్టుగా.

తోక గలగలలాడబోయింది. తడిసిపోవడంతో చప్పుడు రాలేదు. ఇక వేరే దారిలేక పైడిరాజు నోరు విప్పాడు. "నువ్వు వెళ్ళాక నేను ఇంట్లో ఉంటే పెళ్ళాన్ని తరిమేసి ఇల్లు మింగాడంటారట. అందుకని బయటికొచ్చా."

"అని ఎవరన్నారు?"

"చట్టం అంది."

"చట్టం వచ్చి నీతో మాట్లాడిందా?"

"మా వకీలు చెప్పాడు."

"నీకు వకీలున్నాడా!"

"నీకొక్కదానికే ఉండాలా? పేరు మాత్రం అడక్కు. చెప్పకూడదన్నాడు."

నూకాలు చెవులు రిక్కించింది. "ఫీజు తీసుకున్నాడా?"

"అక్కర్లేదన్నాడు. పుణ్యం చాలన్నాడు."

"చెవి గోక్కుంటూ?"

"నీకెలా తెలుసు?"

"నా మొహం చూస్తే కేసు పోతుందన్నాడా?"

పైడిరాజు నెమ్మదిగా ఇటు తిరిగాడు. నూకాలూ తిరిగింది. మీసాల నిండా బురద, కళ్ళు లోతుకి పోయి, చలికి పళ్ళు కొట్టుకుంటున్న మొహం. "ఇంత చిక్కిపోయాడా! ఇంట్లో హాయిగా ఉన్నాడనుకున్నానే," అనుకుంది. ఆయన కూడా అలాంటిదే ఏదో అనుకున్నాడో ఏమో, చూపు దించుకున్నాడు.

"నా దగ్గరికి ఆ సాయంత్రం తోట గట్టు మీదకి వచ్చాడు," అంది నూకాలు.

"నా దగ్గరికి ఆ రాత్రే వెనక గుమ్మంలోకి."

"ఒక్కసారి నేను తల తిప్పి ఉంటే..."

"నేను తిప్పినా సరిపోయేది."

పైడిరాజే అడిగాడు. "నీకు విడిపోవాలనే ఉందా?"

"ఉంది." అబద్ధం ఆడలేదు నూకాలు. "నువ్వు చెడ్డవాడివి కాదు. కానీ నీతో ఉంటే నాకు గాలాడదు. నీకో?"

"నాకూ అంతే. నువ్వు మాట్లాడుతుంటే ఎక్కడో తప్పు చేసి దొరికిపోయినట్టుంటుంది."

ఈ రెండు ముక్కలు ముందే అనుకుని ఉంటే ఎంత బాగుండేది! అయినా అంత వానలో, అంత కష్టంలో, నూకాలుకి గుండె మీద బరువు కాస్త దిగింది. ఏది చట్టమో, ఏది కాదో ఇంకా తెలియదు. ఒక్కటి మాత్రం తెలిసింది. పిల్ల తడవకూడదు.

"విడిపోవడం తర్వాత చూద్దాం," అంది. "ముందు ఇంటికి పోదాం. నువ్వు నీ గుమ్మంలోంచి రా. నేను నా గుమ్మంలోంచి వస్తా."

ముళ్ళపంది ముళ్ళు విసిరి కొడుతుందని అంటారు, వినే ఉంటారు. ఉత్త అబద్ధం. అది ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని వెనక్కి వెనక్కి నడుస్తుంది. మిగతా పని ఎదుటివాడి ఒళ్ళే చూసుకుంటుంది. చిట్టిని గుమ్మం పక్కన చూరు కింద నిలబెట్టి, నూకాలు ముందు వాకిట్లోంచి వెనక్కి నడిచింది. పైడిరాజు వెనక వాకిట్లోంచి వెనక్కి నడిచాడు.

సావిడి మధ్యలో మునగదీసుకుని పడుకున్న కంఠీరవం ఉలిక్కిపడి లేచాడు. "ఎవరది? ఆగు! కేసు పోతుంది!"

"పోదు ప్లీడరు గారూ," అంది నూకాలు. "మీరు చెప్పినట్టు మేం మొహాలు చూసుకోవడంలేదు."

ఇటు చూస్తే ముళ్ళ గోడ, అటు చూస్తే ముళ్ళ గోడ. రెండూ దగ్గరికి వస్తున్నాయి. కంఠీరవం తూర్పుకి తిరిగి, "నూకాలమ్మా, నేను నీ వకీలుని!" అని కేక పెట్టాడు. ముక్కుకి గుచ్చుకోగానే పడమరకి తిరిగి, "పైడిరాజు గారూ, నేను మీ వకీలుని!" అన్నాడు.

"తెలుసు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

పెళ్ళయ్యాక వాళ్ళిద్దరూ ఒకే మాట ఒకేసారి అనడం అదే మొదలు.

నక్క ఎలా బయటపడ్డాడో ఆ దేవుడికే తెలియాలి. బయటపడేసరికి మూతి మీద ముళ్ళు, పిరుదుల మీద ముళ్ళు. ముళ్ళు పీకగల గోళ్ళు ఆ అడవిలో ఒక్కరికే ఉన్నాయి. అడవి తగవులు తీర్చే ఎలుగుబంటి తాతకి. కాబట్టి తెల్లారేసరికి న్యాయస్థానంలో అందరికంటే ముందు హాజరైంది ప్లీడరు గారే! కాసేపటికి జ్వరం తగ్గిన చిట్టితో సహా ముళ్ళపందులూ వచ్చాయి.

ఎలుగు తాత పుట్ట పక్కన చతికిలబడి, పొద్దున్నే దొరికిన చెదలు నాక్కుంటూ ఇద్దరి మాటా విన్నాడు. వింటూనే ప్లీడరు గారి మూతి పట్టుకున్నాడు.

"వీళ్ళని ఇల్లు వదలమంది నువ్వేనా?"

"అంటే, చట్టం ప్రకారం..."

సర్రున ఒక ముల్లు పీకాడు. "కుయ్యో!" అన్నాడు కంఠీరవం.

"అమ్మా నూకాలూ, విడాకులు అడిగినంత మాత్రాన ఎవరూ గడప దాటక్కర్లేదు. కొట్టేవాడో చంపేవాడో అయితే ముందు ప్రాణం దక్కించుకోవాలి, అది వేరు. నీకా భయం ఉందా?"

"లేదు తాతా."

"మరి ఇంట్లోనే ఉండు. ఒకే చూరు కింద ఉన్నా పడక వేరు, బతుకు వేరు అయితే విడిగా ఉన్నట్టే లెక్క." ఇంకో ముల్లు పీకాడు. "ఇద్దరి తరఫునా ఒక్కడే నిలబడితే వాడు ఎవరి తరఫునా లేనట్టే. ఎవరి వకీలుని వాళ్ళు పెట్టుకోండి. ఆ వకీలు ఎవరో అవతలివాళ్ళకి తెలియాలి. దాచమన్నాడంటే వాడు వకీలు కాదు."

"నా ముక్కు, తాతా, నా ముక్కు..."

"నోరుముయ్. నీ వాయిదా ఇంకా కాలేదు." తాత ఆలుమగల వైపు తిరిగాడు. "ఇద్దరికీ ఇష్టమే కదా? అయినా ఇవాళ ఇవ్వను. ఈ వానలు వెళ్ళి చలి మొదలయ్యాక రండి. అప్పుడూ ఇదే మాట అంటే ఇస్తాను. ఈలోగా ఏ ఒక్కరి మనసు మారినా ఆగిపోతుంది, అందులో సిగ్గేమీ లేదు. ఇల్లు ఇద్దరూ తవ్వారు కాబట్టి ఇద్దరిదీ. వెచ్చటి గది మాత్రం పిల్లది. పిల్ల ఎవరి దగ్గర పడుకున్నా, రెండోవాళ్ళు వచ్చి చూసుకోవచ్చు, దాని తిండికి ఇద్దరూ తవ్వాలి. పిల్ల చెవిలో ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పారని తెలిసిందో, ఈ గోళ్ళు చూశారుగా!"

నూకాలు ఊపిరి పీల్చుకుంది. అయినా ఇన్నాళ్ళ అయోమయం ఒక్క పూటలో పోతుందా? సందేహిస్తూ అడిగింది. "తాతా, మరి ఈలోగా ఆయన తెచ్చిన దుంప తినొచ్చా?"

"ఆకలేస్తే తిను, లేకపోతే మానెయ్. దుంపలో చట్టమేముందే!" అని తాత పడీపడీ నవ్వాడు. తగవు చూడ్డానికి వచ్చి చెట్టు మీద చేరిన సుందరమ్మ, చెట్టు కింద చేరిన రత్తమ్మ మాత్రం ఒకరినొకరు గుర్రుగా చూసుకున్నారు.

వానలు వెళ్ళాయి. చలి మొదలైంది. ఇద్దరూ కలిసే నడిచివచ్చి, మొహాలు ఎదురెదురుగా పెట్టుకుని, అదే మాట అన్నారు. తాత సరేనన్నాడు. ఆ రోజు నూకాలు ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావని చిట్టి అడిగితే, "తెలియదమ్మా, సంతోషమే, అయినా ఏడుపొస్తోంది," అంది. తర్వాత ఇద్దరూ సావిడి మధ్యలో మట్టిగోడ పెట్టుకున్నారు. వెచ్చటి గదికి అటు నుంచి ఒక దారి, ఇటు నుంచి ఒక దారి తవ్వారు. చిట్టి రెండిళ్ళలోనూ తిని బాగా ఒళ్ళు చేసింది.

కంఠీరవం ప్లీడరు గారు ఇప్పటికీ సలహాలు చెబుతూనే ఉంటాడు, మాట మాత్రం మూతి వాపులోంచి ముద్దముద్దగా వస్తుంది. మొన్నామధ్య వాగు ఒడ్డున మగడితో గొడవపడ్డ ఒక కుందేలుని పట్టుకుని, "నాకు ఫీజు అక్కర్లేదు తల్లీ," అని మొదలుపెట్టాడు. ఆ కుందేలు సగంలో ఆపి, "ఉండండి ప్లీడరు గారూ, మా ఆయన్ని పిలుస్తాను, ఇద్దరం కలిసి వింటాం," అంది. ఆ మాట వినగానే ఆయనకి ఎక్కడో అర్జెంటు పని గుర్తొచ్చి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని పొదల్లోకి దూరిపోయాడు.

నీతి ఏమిటంటే తల్లీ, కలిసుండేవాళ్ళకే కాదు, విడిపోయేవాళ్ళకీ మాటలుండాలి. ఇద్దరూ వీపులు తిప్పుకున్న ఇంట్లో మూడోవాడు కాపురం పెడతాడు.